వాదన నేర్చుకుందాం – 5: పోలీసు పద్దులో కోత పెట్టొచ్చా?

పోయిన పాఠంలో ఒక మాట అనడానికీ, ఆ మాటని నిలబెట్టడానికీ ఉన్న తేడా చూశాం. ఈసారి కొంచెం కష్టమైన అంశం తీసుకుందాం: "రాష్ట్ర ఆదాయం తగ్గినప్పుడు మిగతా శాఖలతో పాటు పోలీసు ఖర్చులోనూ కోత పెట్టాలి." అవునంటారా, కాదంటారా? దీన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, మన విశాఖలో ఏ టీ కొట్టు దగ్గర ఈ మాట లేచినా రెండు నిమిషాల్లో "వాళ్లంతా లంచాలు తింటారు" దగ్గరికో, "వాళ్లు లేని రోజు తెలిసొస్తుంది" దగ్గరికో వెళ్లి ఆగిపోతుంది. డబ్బు సంగతి ఎవరూ ఎత్తరు. కోత గురించి వాదించాలంటే ముందు ఏ డబ్బు, ఎవరి డబ్బు, అది ఆగితే ఏ పని ఆగుతుంది అని అడగడం రావాలి. ఈ పాఠమంతా ఆ అడగడం గురించే.

ఖజానా ఎవరిది?

రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో పోలీసు రాష్ట్ర జాబితాలో ఉంది, 2వ అంశం. అంటే టూటౌన్ కానిస్టేబుల్ జీతమైనా, ఎంవీపీ స్టేషన్ జీపులో పోసే డీజిలైనా రాష్ట్ర ఖజానా నుంచి రావాల్సిందే. జీవీఎంసీలో, అంటే మన నగరపాలక సంస్థలో, 98 వార్డుల కార్పొరేటర్లూ ఒక్కమాట మీద నిలబడి తీర్మానం చేసినా ఆ జీతం రూపాయి పెరగదు, రూపాయి తగ్గదు. వీధి దీపాలు మాత్రం జీవీఎంసీవి. పోర్టు, స్టీల్‌ప్లాంటు కాపలా సీఐఎస్‌ఎఫ్ చూస్తుంది, అది కేంద్ర బలగం. ఇప్పుడు చూడండి, "మా కాలనీలో రాత్రి పది దాటితే ఆడపిల్లలు నడవలేకపోతున్నారు" అని ఒకావిడ అంటే, ఆ ఫిర్యాదులో దీపం సగం, పెట్రోలింగ్ సగం ఉండొచ్చు. దీపం గురించి కమిషనరేట్‌ని తిట్టినా, పెట్రోలింగ్ గురించి కార్పొరేటర్‌ని తిట్టినా ఆవిడ బాధ అక్కడే ఉంటుంది. అందుకే అవతలివాళ్లు నోరు తెరవగానే ఎదురు మాట్లాడకండి, "ఇది ఎవరు ఇచ్చే డబ్బు?" అని అడగండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోన్లో చెప్పే వాదనలు ఇక్కడ అతకకపోవడానికి కారణం కూడా ఇదే. అక్కడ పోలీసు ఖర్చులో ఎక్కువ భాగం స్థానిక ప్రభుత్వాలది, నగర కౌన్సిల్ తగ్గించగలదు, పెంచగలదు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ని పోలీసులు చంపాక 'డీఫండ్ ది పోలీస్' (పోలీసులకిచ్చే డబ్బు తగ్గించండి) అనే నినాదం దేశమంతా పాకింది. 2021 నవంబరులో అదే నగరంలో పోలీసు శాఖ స్థానంలో కొత్తగా ప్రజా భద్రతా శాఖ పెడదామా అని ఓటింగ్ పెడితే, జనం వద్దన్నారు. ఒప్పుకున్నా వద్దన్నా నిర్ణయం నగరవాసుల చేతిలో ఉంది. విశాఖ ఓటరు చేతిలో అలాంటి ఓటు లేదు, ఉన్నదల్లా ఎమ్మెల్యే ద్వారా అసెంబ్లీ.

కోతల్లో మూడు రకాలు

ఈ భాగాన్ని దయచేసి రెండుసార్లు చదవండి, నా దృష్టిలో పాఠం మొత్తానికీ ఇదే ముఖ్యం. పద్దు అంటే ఒక శాఖ ఖర్చు కోసం ప్రభుత్వం సభని అడిగే డబ్బు. ఆ పద్దుల మీద చర్చ జరిగేటప్పుడు సభ్యులు కోత తీర్మానాలు ఇస్తారు. లోక్‌సభ నియమాల ప్రకారం అవి మూడు రకాలు. ఒకటి, పద్దుని ఏకంగా ఒక్క రూపాయికి తగ్గించమనడం. ఆ విధానమే మాకు నచ్చలేదు అని దాని అర్థం. రెండోది, ఫలానా మొత్తం తగ్గించండి, ఇంత దుబారా ఉంది అని పొదుపు కోసం అడగడం. మూడోది, కేవలం 100 రూపాయలు తగ్గించమనడం. ఆ వంద రూపాయలతో ఎవరికీ పని లేదు, ఒక ప్రత్యేకమైన ఫిర్యాదుని సభ ముందు పెట్టడానికి అదొక దారి.

రాజ్యాంగం 203వ అధికరణ ప్రకారం అసెంబ్లీ ఒక పద్దుని ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించి ఒప్పుకోవచ్చు. పెంచే అధికారం మాత్రం లేదు, పద్దు రావాలంటే గవర్నర్ సిఫార్సు ఉండాలి. కాబట్టి "మా గాజువాకకి ఇంకో స్టేషన్ కావాలి, సిబ్బంది చాలట్లేదు" అనుకునే ఎమ్మెల్యే కూడా పద్దుల చర్చలో ఆ మాట ఎత్తడానికి వంద రూపాయల కోతనే వాడుకోవచ్చు. ఎక్కువ కావాలని అడగడానికి కోత అడగడం! పేపర్లో "పోలీసు పద్దుపై కోత తీర్మానం" అని చూసి, అడిగినాయన పోలీసులకి వ్యతిరేకి అని తేల్చేయకండి.

మన వాదనలకి ఇది ఎలా పనికొస్తుందో చెప్తాను. మీతో వాదించే మనిషి ఈ మూడింట్లో ఏది అడుగుతున్నాడో కనిపెట్టండి. పోలీసు వ్యవస్థే తప్పంటున్నాడా? వ్యవస్థ ఉండాలిగానీ దుబారా ఎక్కువంటున్నాడా? లేక తన ఫిర్యాదు రాసుకోలేదని, ఎఫ్‌ఐఆర్ కోసం నాలుగుసార్లు తిప్పారని మండిపడుతున్నాడా? నేను విన్నంతలో మన ఊళ్లో పదిమందిలో ఎనిమిదిమందిది మూడో రకమే. వాళ్ల ముందు నేరాల లెక్కలు చదివితే ఇంకా కోపం వస్తుంది. "మీకు జరిగింది అన్యాయమే, అయితే డబ్బు తగ్గిస్తే ఆ స్టేషన్లో రైటర్ మీ ఫిర్యాదు త్వరగా రాసుకుంటాడా?" అని అడగండి, అప్పుడు మాట ముందుకు కదులుతుంది.

పెరిగిందా, తగ్గిందా?

2024-25 బడ్జెట్ ప్రసంగంలో పోలీసు శాఖకి 8,495 కోట్లు అన్నారు. 2025-26లో హోం శాఖకి 8,570 కోట్లు. ఇక మొదలు. ఒకరు "75 కోట్లు పెంచారు" అంటారు. ఇంకొకరు "ఒక్క శాతం కూడా పెంచలేదు" అంటారు. ఇద్దరి లెక్కా నిజమే. మూడోవాడు వచ్చి, ధరలు ఏడాదికి 4 శాతం పెరుగుతాయనుకుంటే పాత స్థాయి నిలబడడానికే దాదాపు 8,835 కోట్లు కావాలి, అంటే 265 కోట్లు తక్కువ ఇచ్చారు, ఇది కోతే అంటాడు. అదీ తప్పు కాదు. మీరు నేర్చుకోవాల్సింది నాలుగోవాడిలా అడగడం: "ఒక ఏడాది పోలీసు అన్నారు, ఇంకో ఏడాది హోం అన్నారు, రెండూ ఒకే లెక్కేనా? హోంలో జైళ్లు, అగ్నిమాపకం కూడా ఉంటాయి కదా?" ఈ ప్రశ్నకి జవాబు దొరికేదాకా ఆ మూడు వాదనలూ నిలబడవు.

ఇంకో అంకె. 2025-26 మొత్తం బడ్జెట్ 3,22,359 కోట్లు. అందులో 8,570 అంటే 2.7 శాతానికి కొంచెం తక్కువ. "డబ్బంతా పోలీసులకే పోస్తున్నారు" అనేవాళ్లకి ఈ ఒక్క భాగహారం చేసి చూపించండి, చాలు.

కనపడని కోత

బడ్జెట్లో ఒక్క రూపాయి తగ్గించకుండానే కోత పెట్టొచ్చు. పోస్టులు నింపకపోతే సరి. మన రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది, 2023 జనవరిలో ప్రిలిమ్స్ జరిగాయి, తుది ఫలితాలు వచ్చేసరికి 2025 ఆగస్టు. మధ్యలో కోర్టు కేసులున్నాయి, వేరే కారణాలున్నాయి, అంతా డబ్బు మిగుల్చుకోవడానికే చేశారని మీరు అంటే నిరూపించలేరు, అనకండి. కానీ ఆ రెండున్నరేళ్లూ ఆ 6,100 మంది చెయ్యాల్సిన డ్యూటీ ఉన్నవాళ్ల నెత్తిన పడిందనేది నిజం. ఏళ్ల తరబడి గ్రౌండులో పరిగెత్తి ప్రాక్టీసు చేసిన ఆ పిల్లల సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. 2019లో పోలీసులకి వీక్లీ ఆఫ్ అని ప్రకటించారు. మనుషుల్ని తీసుకోకుండా ఆఫ్ ఇవ్వడం ఎలా సాధ్యం?

విశాఖకి ఇది ఇంకా బరువు, ఎందుకంటే మనది బందోబస్తుల ఊరు. డిసెంబరు 4 నేవీ డే, ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, పైగా పెద్ద పెద్ద వీఐపీ రాకలు. 2025 జూన్ 21న యోగా డేకి ప్రధాని వస్తే ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా తీరమంతా జనమే. ఆ బందోబస్తుకి కావలసిన పోలీసులు ఆకాశం నుంచి ఊడిపడరు. స్టేషన్ల నుంచి తీస్తారు, పక్క జిల్లాల నుంచి తెస్తారు, ఇక్కడ కేసు ఫైళ్లు ఆగుతాయి. శాంతిభద్రతలు చూసేవాళ్లనీ, దర్యాప్తు చేసేవాళ్లనీ వేరు చెయ్యమని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా: స్టేషన్ ఖర్చులో కోతకి నేను ఒప్పుకోను, బందోబస్తుకి మాత్రం ప్రతిసారీ విడిగా లెక్క చూపించాలి. మీరు నాతో ఏకీభవించక్కర్లేదు, కాకపోతే విభేదించేటప్పుడు ఏ ఖర్చు గురించి అంటున్నారో చెప్పండి.

కారణం, ఫలితం: ఇక్కడే జారిపోతారు

ఇంగ్లండ్, వేల్స్‌లో 2010 తర్వాత పొదుపు పేరుతో పోలీసులకి కేంద్రం ఇచ్చే నిధులు తగ్గించారు, 2018 నాటికి అధికారుల సంఖ్య దాదాపు 20,000 తగ్గింది. 2014 తర్వాత పోలీసు రికార్డుల్లో కత్తి నేరాలు పెరిగాయి. చివరికి 2019లో మళ్లీ 20,000 మందిని తీసుకుంటామని అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. కోతని వ్యతిరేకించేవాళ్లకి ఇది మంచి ఆయుధంలా కనిపిస్తుంది. కానీ తెలివైన ప్రత్యర్థి వెంటనే అడుగుతాడు: 2010 నుంచి 2014 దాకా కూడా పోలీసులు తగ్గారుగా, మరి అప్పుడు పెరగలేదేం? యువజన కేంద్రాలకి ఖర్చు తగ్గించడం, నేరాలు నమోదు చేసే పద్ధతి మారడం లాంటివి పక్కన పెట్టేశారేం? జవాబు సిద్ధం చేసుకోకుండా ఈ ఉదాహరణ వాడకండి.

ఒక నమూనా

రిటైరైన హెడ్ కానిస్టేబుల్ మావయ్య, డిగ్రీ చదివే మేనకోడలు, కంచరపాలెంలో ఇల్లు. అభ్యాసం కోసం నేను రాసిన సంభాషణ ఇది.

"కోతంటే ఎక్కడ కోస్తారమ్మా? జీతం ఆపలేరు కదా. డీజిలు కోస్తారు, బళ్ల రిపేర్లు కోస్తారు, ట్రైనింగ్ కోస్తారు."

"అది నిజమే మావయ్యా. మరి మీరే అనేవారు కదా, నెలలో సగం రోజులు బందోబస్తుకే పోయేదని. అక్కడ తగ్గిస్తే?"

"అది తగ్గిస్తే నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ పైవాళ్లు ముందు దాన్ని ముట్టుకోరే."

"అయితే మీరు కోత వద్దనట్లేదు, ఎక్కడ కొయ్యాలో వాళ్లకి వదిలెయ్యొద్దంటున్నారు. అంతేనా?"

"అంతే."

ఆ అమ్మాయి ఏం చేసిందో గమనించారా? మావయ్య మాటని కొట్టిపారెయ్యలేదు, ఆయన చెప్పిందాన్ని ఆయన ఒప్పుకునేలా మళ్లీ చెప్పింది. "అంతే" అనిపించుకున్నాకే ఇక తన మాట మొదలుపెట్టొచ్చు.

ఈ వారం పని

రాష్ట్ర ఆర్థిక శాఖ వెబ్‌సైటులో బడ్జెట్ పుస్తకాలు ఉంటాయి. ఇంట్లో కుదరకపోతే ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని చెయ్యండి. 2055 అనే పద్దు వెతకండి, అది పోలీసు రోజువారీ ఖర్చు. 4055 భవనాల లాంటి మూలధన ఖర్చు. 2055 లోపల 109 జిల్లా పోలీసు, 003 శిక్షణ, 115 ఆధునికీకరణ అని ఉంటాయి. ప్రతి దాని పక్కనా బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, నిజంగా అయిన ఖర్చు చూడండి, ఒకే సంవత్సరానికి మూడూ కావాలంటే వరసగా రెండు మూడేళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకోవాలి. ప్రకటించిందెంత, చివరికి ఖర్చుపెట్టిందెంత అని శిక్షణ పద్దుకి ఒక్కదానికే రాసుకోండి. ఆ తేడా మీద రెండు పేరాలు: ఒకటి కోత పెట్టాలని, ఇంకోటి పెట్టకూడదని. మీకు ఇష్టంలేని వైపు ముందు రాయండి, దానికి ఎక్కువ సమయం ఇవ్వండి.

6వ పాఠంలో ఈ రెండు పేరాలనే తీసుకుని, ఎదురుగా కూర్చున్న మనిషి మధ్యలో అడ్డొస్తుంటే ఎలా చెప్పాలో చేద్దాం. జతకి ఒకరిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, మీతో ఏకీభవించని మనిషైతే మంచిది.