పూయని గుండుమల్లెను తిరిగి పూయించుకున్న తీరు

కడియపులంక నర్సరీలో కొని తెచ్చి నాటిన మా గుండుమల్లె నాలుగేళ్లు విరగబూసి, ఆ తరువాత రెండు వేసవులలో గుబురుగా ఆకు వేసిందే తప్ప పిడికెడు మొగ్గలైనా ఇవ్వలేదు. మా ఇల్లు కోనసీమలో పంటకాలువ పక్కనే ఉన్నందున నేల చలికాలంలోనూ ఆరదు. అది చాలదన్నట్లు నేను రోజూ నీళ్లు పోసి, నెలనెలా యూరియా వేశాను. మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగుళ్ల మీద కనుక, ముదురు కొమ్మలను ముట్టకుండా ఎంత మేపినా ఆకే పెరుగుతుందని ఆలస్యంగా గ్రహించాను.

డిసెంబరులో నీరు పూర్తిగా ఆపి, ఊట నిలవకుండా మొక్క పక్కన జానెడు లోతు గాడి తీశాను. ఆకులు పసుపు తిరిగాక, జనవరి మొదటివారంలో ఎండుపుల్లలను, ఒకదానినొకటి రాసుకునే కొమ్మలను మొదలంటా తీసివేసి, మిగిలినవాటిని నేలకు సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున, కణుపుకు కొద్దిగా పైన, ఏటవాలుగా కత్తిరించి, మిగిలిన ఆకునంతా దూసివేశాను. మొద్దుబారిన కత్తెరతో కోసిన మొదటి కొమ్మ నారలు నారలుగా చీలడంతో, పదును పెట్టించాకే తక్కినవి కోశాను. లావు గాయాలకు శిలీంధ్రనాశక మందైన కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూశాను.

“పచ్చని చెట్టును మోడు చేశావేమిటమ్మా!” అని పక్కింటి పిన్నిగారు నొచ్చుకున్నారు.

రెండు వారాల తరువాత పాదు తవ్వి, చివికిన పశువుల ఎరువు రెండు తట్టలు వేసి నీరు పెట్టాను. ఫిబ్రవరిలో కొత్త చిగుళ్లు వచ్చాయి. మార్చి చివరికి పిన్నిగారికి కూడా రోజూ మూరెడు దండ వెళ్లింది.