ఆన్‌లైన్ ఆటబల్ల కావాలంటే ముందు బాబాయికి లింకు పంపండి

మేము అయిదుగురం. బెంగళూరులోనే నేను మారతహళ్లిలో, తమ్ముడు ఎలక్ట్రానిక్ సిటీలో, మేనకోడలు వైట్‌ఫీల్డ్‌లో ఒక పీజీలో ఉంటాం. నాలుగో మనిషి మా కింది అంతస్తులో ఉండే కన్నడ కుర్రాడు. మా మాటలు విని విని తెలుగు పట్టేశాడు. అయిదో మనిషి ఒంగోలులో ఉండే మా బాబాయి, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. నలుగురు ఒకే ఊళ్లో ఉండి ఆన్‌లైన్‌లో ఆడటం ఏమిటని అడిగేవారు ఒక్క సాయంత్రం సిల్క్‌బోర్డు కూడలి దాటి వచ్చి అడగాలి.

మేము ఆడేది పాత్రలు ధరించి ఆడే ఆట. 1974లో అమెరికాలో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ ఆటలన్నిటికీ పెద్దన్న. కథ నడిపే మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. మా జట్టులో ఆ బరువు నాది. మిగతావారికి తలా ఒక పాత్ర. తామేమి చేస్తారో నోటితో చెబుతారు, అది సాగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఎదురెదురుగా కూర్చుంటే బల్ల మీద మ్యాపు పరిచి బొమ్మలు నిలబెట్టుకుంటాం. ఆ బల్లనే అందరి తెరల మీదకూ తెచ్చే సాఫ్ట్‌వేర్ పేరు వర్చువల్ టేబుల్‌టాప్.

బెంగళూరులో ఉంటానంటే చాలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని అనుకుంటారు. నేను టైల్స్ దుకాణంలో లెక్కలు రాస్తాను. మొదటిసారి ఎంచుకునేటప్పుడు తమ్ముడి మాట విని, అన్ని హంగులూ ఉన్నదాన్నే తీసుకున్నాను. దివిటీ పట్టుకున్న బొమ్మ నడిస్తే వెలుగు దానితో పాటు నడిచేది. కత్తి తగిలితే ఎదుటివాడి ప్రాణాల లెక్క తనంతట తానే తగ్గేది. ముచ్చటపడి వారమంతా కూర్చుని ఒక దిగుడుబావి కట్టాను. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు బాబాయి ఫోను చేశారు.

“అమ్మాయ్, నా కోదండం కనిపించడం లేదు.”

“ఎడమవైపు చిన్న గుర్తుల వరుస ఉంది చూడండి బాబాయ్, పైనుంచి మూడోది నొక్కండి.”

“నొక్కాను. ఇప్పుడు బావి కూడా కనిపించడం లేదు.”

కోదండం ఆయన పాత్ర, కోట కాపలాదారు. ఆయన వేలితో బొమ్మను జరుపుతున్నానని అనుకుంటూ మ్యాపు మొత్తాన్ని తెర అవతలికి తోసేశారు. అది సరిచేసేసరికి తొమ్మిదింపావు. పీజీలో భోజనాల వేళ దాటిపోతోందని మేనకోడలు లేచిపోయింది. ఆ రాత్రి ఎవరూ ఒక్క మెట్టు కూడా దిగలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. మీ జట్టులో ఫోను తప్ప మరేదీ ముట్టుకోని మనిషి ఒకరు ఉంటారు. ఏ సాఫ్ట్‌వేర్ చూసినా ముందు వారికి వాట్సాప్‌లో లింకు పంపండి, పక్కన ఒక్క వాక్యం కూడా రాయకండి. పది నిమిషాల్లో వారు లోపలికి వచ్చి, తమ బొమ్మను రెండు గడులు జరిపి, ఇరవై ముఖాల పాచిక ఒకసారి వేయగలిగితే అది మీకు పనికొస్తుంది. ఖాతా తెరవమని, ఈమెయిల్ సరిచూడమని, పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం పెట్టమని అడిగిన ప్రతిచోటా రెండేసి నిమిషాలు ఎగిరిపోతాయి. మీరు చూడాల్సింది మీ లాప్‌టాప్ తెర కాదు, వారి ఫోను తెర. వీలైతే వీడియో కాల్‌లో చూపించమనండి.

ఈ పరీక్షలో మా ఇంట నెగ్గింది ఔల్‌బేర్ రోడియో. ఔల్‌బేర్ అంటే గుడ్లగూబ తల, ఎలుగుబంటి ఒళ్లు ఉన్న డంజన్స్ జంతువు. ఈ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఆడేవారు ఖాతా తెరవనక్కర్లేదు, ఫోను మీద వేలితో బొమ్మను లాగవచ్చు. మ్యాపు, బొమ్మలు, పాచికలు, ఇంకా చూడని చోటును కప్పే నల్లటి తెర, అంతే. పాత్రల లెక్కలు అది పట్టించుకోదు, నియమాలు దానికి తెలియవు. ఇది లోపమని తమ్ముడు వాదిస్తాడు. కూడికలు, తీసివేతలు నోటితో చేసే జట్టుకు ఇదే సుఖమని నా వాదన.

నియమాలు కూడా సాఫ్ట్‌వేరే చూసుకోవాలంటే 2012లో మొదలైన రోల్20 చూడండి. ఇదీ బ్రౌజర్‌లోదే. ప్రతి ఒక్కరూ ఖాతా తెరవాలి, కానీ ఉచితం. పాత్రల పత్రాలు సిద్ధంగా ఉంటాయి, పత్రం మీద కత్తి పేరు నొక్కితే పాచిక పడి మొత్తం కూడి చూపిస్తుంది. ఫోను కన్నా కంప్యూటర్ మీద హాయి. ఉచిత ఖాతాలో బొమ్మలు, మ్యాపులు దాచుకునే చోటు తక్కువ కాబట్టి చిత్రాల బరువు తగ్గించి ఎక్కించండి. అన్నట్టు, నియమాల పుస్తకాలు కొనకుండానే మొదలుపెట్టవచ్చు: డంజన్స్ అయిదో కూర్పు మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు.

మ్యాపు సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తవారంతా జారిపడేది ఇక్కడే. నేను గళ్ల నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసి ఫోనుతో ఫొటో తీస్తాను. పక్క నుంచి తీసిన ఫొటోలో ఒకవైపు గళ్లు పెద్దవిగా, మరోవైపు చిన్నవిగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ గీసే గళ్లేమో అన్నీ ఒకటే కొలత. రెండూ కలవక బొమ్మ సగం గోడలో, సగం నీళ్లలో నిలబడుతుంది. అందుకని కాగితాన్ని స్కాన్ చేసే యాప్‌తో తీసి, నాలుగు మూలలూ సరిగ్గా కత్తిరించండి. తర్వాత గడులు లెక్కపెట్టండి. నా బావి అడ్డంగా 24, నిలువుగా 18. రోల్20లో ఒక గడి మామూలుగా 70 పిక్సెళ్లు, కాబట్టి చిత్రాన్ని 1680కి 1260గా మార్చి ఎక్కించాను. గీత మీద గీత కూర్చుంది. ఫౌండ్రీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో గడికి మామూలుగా 100 పిక్సెళ్లు, లెక్క ఇంకా తేలిక. ఆటలో ఒక గడి అంటే అయిదడుగులు. మనిషి ఒక వంతులో ముప్పై అడుగులు నడుస్తాడంటే ఆరు గడులన్నమాట.

ఫౌండ్రీ పేరు వచ్చింది కనుక దాని సంగతీ చెబుతాను. 2020లో వచ్చింది. చందా లేదు, ఒక్కసారి కొంటే చాలు, అదీ గేమ్ మాస్టర్ ఒక్కరు కొంటే చాలు. నా మీద తమ్ముడి ఫిర్యాదంతా దీని తరఫునే. కొనే ముందు ఒక్కటి తెలుసుకోండి: అది నడిచేది మీ కంప్యూటర్‌లో. మిగతావారు ఇంటర్నెట్ మీదుగా మీ ఇంటికే రావాలి, వారు లోపలికి రావడానికి మీ రౌటర్‌లో 30000 అనే పోర్టు, అంటే ఒక ద్వారం, తెరిచి ఉంచాలి. మన ఇళ్లకు వచ్చే కనెక్షన్లలో చాలావాటికి ఇంటర్నెట్‌లో సొంత చిరునామా ఉండదు, ఎన్నో ఇళ్లు కలిసి ఒకే చిరునామా వాడుకుంటాయి. దీన్ని సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంటు గేటు నంబరు చెప్పి ఫ్లాటు నంబరు చెప్పకపోతే వచ్చినవారు గేటు దగ్గరే ఆగిపోతారు కదా, అలా. రౌటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే మీరూ అందులో ఉన్నట్టే. మాదీ అంతే. పోర్టు తెరిచి రెండు సాయంత్రాలు కుస్తీ పట్టాక ఈ సంగతి తెలిసింది. ఇంటర్నెట్ ఇచ్చేవారిని అడిగి విడి చిరునామా తీసుకోవడం ఒక దారి, ఫౌండ్రీని అద్దెకు నడిపిపెట్టే సేవలు ఇంకో దారి. రెండిటికీ నెలనెలా ఖర్చు ఉంది. ఒక్కసారి కొంటే చాలన్న మాట అక్కడికి పలచబడుతుంది. పైగా మే నెల వానకు కొమ్మ విరిగి తీగల మీద పడి మా వీధికి కరెంటు పోతే, ఇంట్లోని కంప్యూటర్‌తో పాటు ఒంగోలులో కోదండం కూడా ఆగిపోతాడు. చిన్నదైనా ఇన్వర్టర్ మీద రౌటర్ పెట్టుకోండి, ఏ సాఫ్ట్‌వేర్ వాడినా సరే.

టేబుల్‌టాప్ సిమ్యులేటర్ మేనకోడలికి ఇష్టం. కోపం వస్తే అందులో బల్ల తిప్పి పడేయవచ్చు. కాకపోతే ప్రతివారూ స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొనాలి, ఫోను మీద ఆడలేరు. ఫాంటసీ గ్రౌండ్స్ 2004 నాటిది, నియమాలు క్షుణ్ణంగా తెలుసు దానికి. కానీ కంప్యూటర్‌లో ఎక్కించుకోవాలి, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. మేము అటు వెళ్లలేదు.

తెలుగువారు తప్పక చూడాల్సినది ఇంకొకటి ఉంది. బొమ్మ కింద పేరు తెలుగులో రాసి చూడండి. కన్నడ కుర్రాడి పాత్ర పేరు లక్ష్మణస్వామి. మేము చూసినవాటిలో ఒకదానిలో క్ష కింద మ దిగాల్సింది పోయి పక్కన పడింది, పొల్లు గుర్తు గాలిలో తేలింది. క్ష్మ, స్త్రీ, జ్యోత్స్న, ఈ మూడూ సరిగ్గా పడితే మిగతా అన్నీ పడతాయి. మీ తెర మీదే కాదు, ఫోను తెర మీదా చూడండి.

మాటలకు మాత్రం ఈ సాఫ్ట్‌వేర్లను నమ్ముకోకండి. గొంతు డిస్కార్డ్‌లోనో గూగుల్ మీట్‌లోనో విడిగా పెట్టుకుంటే, బల్ల కూలినా కథ నడుస్తుంది. ఒకసారి బల్ల తెరుచుకోకపోతే బావి అడుగుకు చేరే దాకా నోటితోనే చెప్పాను, పాచికలు ఎవరివి వారు ఇంట్లో వేసుకుని అంకె చెప్పారు. బాబాయి దగ్గర ఇరవై ముఖాల పాచిక లేదు. ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసి తీశారు. ఆ రాత్రి ఆయనకు పడ్డన్ని ఇరవైలు ఎవరికీ పడలేదు. గ్లాసు కెమెరాకు చూపించమని మేనకోడలు ఎంత అడిగినా చూపించలేదు.

మ్యాపులు, పాత్రల పత్రాలు ఒక ప్రతి మీ దగ్గరే దాచండి. ఔల్‌బేర్ రోడియోకు కొత్త రూపం వచ్చాక పాతదాన్ని మూసేశారు, ఏ సేవకైనా ఆ రోజు రావచ్చు. మా మ్యాపులు నా కంప్యూటర్‌లో ఉన్నాయి. ఎవరికి ఎన్ని ప్రాణాలు మిగిలాయో, ఎవరి సంచిలో ఎన్ని బంగారు నాణేలున్నాయో బాబాయి పొడుగు పుస్తకంలో పెన్సిలుతో రాస్తారు, పేజీ చివర నిల్వ తేల్చి సంతకం పెడతారు.