టెర్బియం మోఫ్ ఆకుపచ్చగా వెలగాలంటే

నెల్లూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు లాంథనైడ్ మోఫ్ (టెర్బియం, యూరోపియం వంటి లోహాలను కర్బన అణువులతో జోడించి కట్టే రంధ్రాల చట్రం) చేస్తామని వచ్చే పిల్లలను నేను ముందు అడిగేది దీపం గురించే. దుకాణాల్లో నోట్లు సరిచూసే 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం దీనికి పనికిరాదు. ఈ మోఫ్‌లో లోహాలను జోడించే ట్రైమెసిక్ ఆమ్లం 300 నానోమీటర్ల లోపు కాంతినే బాగా పీల్చుకుంటుంది కాబట్టి 254 నానోమీటర్ల దీపం కావాలి. అది కళ్ళకూ చర్మానికీ హాని. రక్షణ కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేనివారిని నేను దాని దగ్గరికి రానివ్వను.

210 మి.గ్రా. ట్రైమెసిక్ ఆమ్లాన్ని 120 మి.గ్రా. సోడియం హైడ్రాక్సైడ్‌తో 10 మి.లీ. స్వేదనజలంలో కరిగించండి. మన తీరప్రాంతపు బోరు నీళ్ళు అసలు వద్దు, వాటిలోని కాల్షియం మధ్యలో దూరుతుంది. క్షారం ఎక్కువైతే టెర్బియం హైడ్రాక్సైడ్ కూడా అడుగుకు చేరుతుంది. అదీ తెల్లగానే ఉంటుంది, కంటితో పట్టుకోలేరు. మరో 10 మి.లీ.లో 453 మి.గ్రా. టెర్బియం నైట్రేట్ హెక్సాహైడ్రేట్ కరిగించి, కలియబెడుతూ చుక్కలుచుక్కలుగా పోయండి. తెల్లని అవక్షేపం వస్తుంది. వడగట్టి, నీటితోనూ ఎథనాల్‌తోనూ కడిగి, 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి.

ఇలా వచ్చేది నీటి అణువులు పట్టుకున్న గొలుసు నిర్మాణం. రంధ్రాలున్న మోఫ్-76 కావాలంటే డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావణి), ఎథనాల్, నీరు కలిపిన ద్రావణంలో, మూసిన పాత్రలో, 80 డిగ్రీల దగ్గర ఉంచాలి. డీఎంఎఫ్ విషపూరితం, ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేని చోట ఆ జోలికి వెళ్ళకండి. పొడి మీద ఎక్స్-రేలు పడినప్పుడు వచ్చే గీతల క్రమం (ఎక్స్-రే పౌడర్ నమూనా) మోఫ్-76 దానితో సరిపోలేదాకా రికార్డులో మోఫ్ అని రాయవద్దు.

పొడిని గాజు సీసాలో పెట్టి చూడకండి, మామూలు గాజు 254ను ఆపేస్తుంది. వాచ్ గ్లాసులో తెరిచి పరచండి. పక్కనే ఒట్టి టెర్బియం నైట్రేట్, ఒట్టి ట్రైమెసిక్ ఆమ్లం కూడా ఉంచండి. ఈ పోలిక లేని ఫొటోను నేను ఒప్పుకోను. టెర్బియం కాంతిని నేరుగా పీల్చుకోవడం చాలా తక్కువ. పెన్నా నీటిని ఆనకట్ట దగ్గర కాలువ అందుకుని పొలానికి చేర్చినట్టు, ట్రైమెసేట్ (పొడిలో ఉండే ట్రైమెసిక్ ఆమ్లపు రూపం) కాంతి శక్తిని అందుకుని లోహానికి చేరుస్తుంది. అప్పుడే 545 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ వెలుగు వస్తుంది.

లోహాన్ని అంటుకున్న నీటిలోని ఓ-హెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం) కంపనాలు ఆ శక్తిని కాజేస్తాయి. సముద్రపు గాలి తేమ ఉన్న మన ఊళ్ళో, వేడిచేసి నీరు తీసిన పొడిని తేమ తగలనివ్వని మూత పాత్ర, అంటే డెసికేటర్‌లోనే దాచాలి. 615 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలిగే యూరోపియంకు ఈ దెబ్బ ఇంకా ఎక్కువ. ఇవన్నీ కుదిరాక టెర్బియంలో కొద్దికొద్దిగా యూరోపియం కలిపి చూడండి: వెలుగు ఆకుపచ్చ నుంచి పసుపు, నారింజల మీదుగా ఎరుపుకు మారుతుంది.