సముద్రపుటొడ్డున రాత్రి బస: పిల్లలకు వేరే పడక ఉన్న రిసార్టును ఎంచుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి సముద్రం కొత్త కాదు. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని కళింగపట్నానికో, బారువకో, చింతపల్లికో వెళ్లి, పొద్దు వాలేసరికి ఇల్లు చేరడం మనకు చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటే. కానీ చిన్నపిల్లలతో రాత్రి అక్కడే ఉండాలనుకున్నప్పుడు చూడవలసినవి వేరు. ఒడ్డు అందంగా ఉందా, భోజనం రుచిగా ఉందా అన్నవి తర్వాత ఆలోచించుకోవచ్చు. పిల్లలు ఎక్కడ పడుకుంటారు, వాళ్ల పడకకూ బయటి తలుపుకూ మధ్య ఎవరు పడుకుంటారు అన్నది ముందు తేల్చుకోవాలి.

ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. ఒక ఏడాది సంక్రాంతి వెళ్లాక మా ఇద్దరు పిల్లలనూ, మా అమ్మనూ తీసుకుని ఒక రిసార్టులో ‘ఫ్యామిలీ సూట్’ అని చెప్పిన గది బుక్ చేశాము. తీరా వెళ్లి చూస్తే అది ఒకటే పెద్ద గది. మధ్యలో నడుము ఎత్తు చెక్క అల్మారా నిలబెట్టి, దానికి అవతల దివాను వేసి, అదే పిల్లల గది అన్నారు. దివాను సరిగ్గా బయటి తలుపు పక్కనే ఉంది. తెల్లవారుజామున చల్లగాలి తగిలి నాకు మెలకువ వచ్చింది. చూస్తే తలుపు తెరిచి ఉంది. నాలుగేళ్ల మా చిన్నవాడు దివాను చేతి మీదికి ఎక్కి గొళ్లెం తీసుకుని, వరండా మెట్ల మీద నిలబడి, సముద్రం మీద ఎర్రబడుతున్న ఆకాశాన్ని చూస్తున్నాడు. మెట్లు దిగితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. వాడికేమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి ‘వేరే పడక’ అన్న మాటను నేను వేరే విధంగా అర్థం చేసుకుంటున్నాను.

పిల్లల పడక లోపలి వైపు, బయటి తలుపు పెద్దల వైపు ఉండాలి. పిల్లలు బయటికి వెళ్లాలంటే పెద్దల మంచం దాటి వెళ్లక తప్పని అమరికే మంచి అమరిక. మన పాత పెంకుటిళ్లలో ఇది ఎవరూ చెప్పకుండానే జరిగేది. తాతయ్య వీధి అరుగు మీద మంచం వేసుకునేవారు, పిల్లలు నట్టింట్లో మామ్మ చుట్టూ పడుకునేవారు. రిసార్టును ఎంచుకునేటప్పుడు కూడా అదే క్రమం కోసం వెతకాలి.

ఇక గదులకు పెట్టే పేర్ల సంగతి. ‘ఫ్యామిలీ రూమ్’ అంటే చాలా చోట్ల రెండు పెద్ద మంచాలు ఉన్న ఒకే గది. ‘సూట్’ అంటే కొన్ని చోట్ల పడక గది వేరుగా, కూర్చునే గది వేరుగా, మధ్య తలుపుతో ఉంటుంది. మరికొన్ని చోట్ల సోఫా వేసిన పెద్ద గదినే సూట్ అంటారు. ‘కనెక్టింగ్ రూములు’ అంటే రెండు గదుల మధ్య గోడలో లోపలి తలుపు ఉంటుంది. ‘అడ్జాయినింగ్ రూములు’ అంటే పక్కపక్క గదులు మాత్రమే, ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లాలంటే వరండాలోకి రావాలి. ఈ చివరి రెండు మాటలనూ బుకింగ్ సిబ్బంది తరచుగా కలిపేస్తారు కనుక, పేరు అడగకుండా అమరికనే అడగడం మేలు. “పిల్లల గదిలో నుంచి మా గదిలోకి లోపలి తలుపు ఉందా? ఆ గదికి విడిగా బయటి తలుపు కూడా ఉందా? ఉంటే దానికి పైన, పిల్లలకు అందని ఎత్తులో గొళ్లెం ఉందా?” అని ఈ మూడు ప్రశ్నలూ అడిగితే సగం సంగతి తేలిపోతుంది. సమాధానం తడబడితే, ఆ గదిలోకే వెళ్లి వీడియో కాల్ చేసి చూపించమనండి. బయటి తలుపు దగ్గర మొదలుపెట్టి పిల్లల మంచం దాకా నడుస్తూ చూపించమంటే, ఫొటోల్లో కనిపించనివన్నీ కనిపిస్తాయి. కనెక్టింగ్ గదులైతే, గది నంబర్లతో సహా బుకింగ్ కాగితం మీద రాయించుకోవాలి. నోటిమాటగా ఒప్పుకున్నది, జనం ఎక్కువైన రోజున, మనం సామాను దించే సమయానికి మారిపోవచ్చు.

ఏ వయసు పిల్లలను వేరే పడుకోబెట్టవచ్చన్నది ఇంటింటికీ మారుతుంది. నా మట్టుకు నేను, అయిదేళ్లు నిండని పిల్లలను కొత్త చోట తలుపు వేసిన గదిలో విడిగా పడుకోబెట్టను. నెలల పిల్లలుంటే ఉయ్యాల కానీ, చుట్టూ కటకటాలున్న చిన్న మంచం కానీ ఇస్తారేమో ముందే అడిగి, దాన్ని పెద్దల గదిలోనే వేయించాలి. మన కుటుంబాల్లో పిల్లల గది అంటే చాలాసార్లు మామ్మ, మనవలు కలిసి పడుకునే గది. అలాంటప్పుడు ఆ గదికి సొంత బాత్‌రూమ్ తప్పనిసరి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ అర్ధరాత్రి కొడుకు, కోడలు పడుకున్న గదిలో నుంచి వెళ్లవలసి వస్తే, ఆవిడ మొహమాటంతో తెల్లవారేదాకా ఆపుకుంటుంది. ఈ ఇబ్బందిని ఆవిడ నోరు తెరిచి మనకు చెప్పదు కూడా.

పిల్లలను ఆకర్షించడానికి రెండంతస్తుల మంచాలు పెట్టే చోట్లు ఉన్నాయి. వాటిని చూడగానే పిల్లలు పై మంచం కోసం పోట్లాడుకుంటారు. ఆరేళ్ల లోపు పిల్లలను పై మంచం మీద పడుకోనివ్వకూడదన్నది భద్రతా నిపుణులందరూ చెప్పే మాట. పై మంచానికి రెండు వైపులా కటకటాలు ఉండాలి. అవి పరుపు పైభాగం కంటే కనీసం అయిదు అంగుళాలు ఎత్తుగా ఉండాలి. పరుపు మందంగా వేసిన చోట కటకటాలు పేరుకు ఉన్నా, పరుపు ఎత్తుకు సమానమైపోయి పనికిరాకుండా పోతాయి. చేత్తో నొక్కి చూస్తే తెలిసిపోతుంది. బాల్కనీ ఉన్న గదైతే, రెయిలింగు ఊచల మధ్య ఎడం నాలుగు అంగుళాలు మించకూడదు. అడ్డంగా ఊచలు వేసిన రెయిలింగు పిల్లలకు నిచ్చెనతో సమానం. పిల్లలు ఎక్కడానికి వీలైన కుర్చీలు, బల్లలు బాల్కనీలో ఉంటే వాటిని గదిలోకి తెప్పించండి. పై అంతస్తు నుంచి సముద్రం బాగా కనిపిస్తుందన్నది నిజమే అయినా, పదేళ్ల లోపు పిల్లలుంటే నేను కింది అంతస్తునే కోరుకుంటాను. అప్పుడు తలుపు గొళ్లేల విషయంలో మరింత జాగ్రత్తగా ఉంటాను.

లోపలి గొళ్లేలను గురించి మరొక మాట. పిల్లలు బాత్‌రూమ్‌లోకి దూరి లోపల గొళ్లెం వేసుకుని, తీయలేక ఏడవడం మనందరికీ తెలిసిన సంగతే. లోపల వేసిన తలుపును బయటి నుంచి తీసే వీలుందా, ఆ తాళంచెవి రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుంది అని చెక్-ఇన్ సమయంలోనే అడగాలి. గీజరు నీటి వేడి ఎంత పెట్టి ఉందో మనమే చేత్తో చూసుకున్నాకే పిల్లలను స్నానానికి పంపాలి.

వేరే గది ఉందంటే సరిపోదు, ఆ గదిలో పిల్లలు నిద్రపోగలగాలి. ఒకే గదిని చెక్క గోడతో రెండు చేసిన చోట ఏసీ ఒకవైపే ఉంటుంది, పిల్లలు రెండో వైపు ఉక్కలో దొర్లుతుంటారు. కరెంటు పోతే జనరేటరు మీద లైటు, ఫ్యాను మాత్రమే నడుస్తాయా, ఏసీ కూడా నడుస్తుందా అన్నది స్పష్టంగా అడగాలి. సముద్రం పక్కన కొబ్బరి, సరుగుడు తోటల మధ్య కట్టిన కాటేజీలు చూడడానికి చల్లగా ఉంటాయి కానీ, సాయంత్రమయ్యేసరికి దోమలు ముసురుతాయి. కిటికీలకు జాలీ ఉండాలి, లేదా మంచానికి దోమతెర కట్టే ఏర్పాటు ఉండాలి. తోటల్లో పాములు, తేళ్లు ఉంటాయి కనుక గది నుంచి భోజనశాల దాకా బాటకు దీపాలు ఉన్నాయా అన్నది కూడా చూడండి.

గది తర్వాత నీళ్లు. మన ఒడ్డు చూడడానికి ఎంత విశాలమైనదో స్నానానికి అంత నమ్మదగినది కాదు. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం, విజయనగరం జిల్లాకు సుమారు 28 కిలోమీటర్ల తీరం ఉన్నాయి. ఇందులో పేరున్న చోట్లు చాలావరకు నదులు కలిసే చోట్లే. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, బారువ దగ్గర మహేంద్రతనయ, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలుస్తాయి. జాలర్లు మొగ అని పిలిచే ఆ చోట ఇసుక మెట్టలు తరచుగా చోటు మారుతుంటాయి, నీటి లాగుడు ఎక్కువ. కెరటాలు విరగకుండా, నీరు ప్రశాంతంగా కనిపించే సన్నని పాయ వంటి చోటునే పిల్లల ఆటకు బాగుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒడ్డుకు చేరిన నీరు తిరిగి లోపలికి లాగేది తరచుగా ఆ పాయలోనే. అందువల్ల మొగకు దగ్గరగా ఉన్న రిసార్టులో దిగితే పిల్లలను ఇసుక మీద ఆటలకే పరిమితం చేయాలి. ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ దిగకూడదో ఒడ్డున వలలు బాగుచేసుకునే జాలర్లను అడగండి. ఈత కొలను ఉన్న చోటైతే, పిల్లల కొలను పెద్దల కొలనుకు దూరంగా ఉందా, చుట్టూ కంచె, తలుపు ఉన్నాయా, అది రాత్రి మూస్తారా అన్నవి చూడాలి. గది తలుపు తీయగానే కొలను ఉంటే, ఎంత అందంగా ఉన్నా నేను ఆ గదిని వదులుకుంటాను.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా ఎంపికలో భాగమే. దసరా సెలవులు మన తీరానికి తుపానుల కాలం. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. తిత్లీ దాటింది పలాస దగ్గరే. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకూలాయో చూసిన వారెవరూ ఆ తేదీని మరచిపోరు. అక్టోబరులో బుక్ చేస్తే, వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చినప్పుడు డబ్బు తిరిగి ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది కాగితం మీద ఉండాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తక్కువ, గాలి హాయిగా ఉంటుంది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకు వస్తాయి. గుడ్లలో నుంచి బయటపడ్డ పిల్లలు వెలుగు వైపు పాకుతాయి కనుక, ఆ నెలల్లో ఒడ్డు వైపు పెద్ద దీపాలు ఆర్పే రిసార్టును నేను ఇష్టంగా ఎంచుకుంటాను. చీకటిలో మనవాళ్ల నిద్రకూ అదే మేలు.

ఖర్చు విషయంలో ఒక లెక్క తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. ఈ లెక్క ఒక్కొక్క గదికి విడిగా వేస్తారు. 8,000 రూపాయల సూట్‌కు పన్నుతో 9,440 అవుతుంది. 4,000 చొప్పున రెండు కనెక్టింగ్ గదులు తీసుకుంటే 8,400 అవుతుంది, పైగా రెండో బాత్‌రూమ్ కూడా దక్కుతుంది. పిల్లలకు ఏ వయసు దాకా ఉచితం, ఎక్స్‌ట్రా బెడ్‌కు ఎంత, ఆ డబ్బులో పొద్దుటి పలహారం కలిసి ఉందా అన్నవి ముందే అడగండి. ఎక్స్‌ట్రా బెడ్ అన్నది తరచుగా నేల మీద వేసే పరుపే కనుక, అది మంచమా, పరుపా అన్నది కూడా తేల్చుకోవాలి.

దగ్గరలో ఆసుపత్రి ఎంత దూరమో, రాత్రి డాక్టరు ఉంటారో లేదో బయలుదేరే ముందే కనుక్కోండి. అంబులెన్సుకు 108, సముద్రంలో ఆపదకు తీర రక్షక దళం నంబరు 1554 ఇంటిల్లిపాదీ ఫోన్లలో ఉండాలి.

చేరిన తర్వాత, పిల్లలు ఇసుక కోసం పరుగెత్తక ముందే వాళ్ల చేయి పట్టుకుని గదంతా ఒకసారి తిప్పండి. మంచం నుంచి బాత్‌రూమ్‌కు దారి, అక్కడి నుంచి మీ మంచానికి దారి చూపించి, రాత్రి మెలకువ వస్తే ఎటు రావాలో వాళ్లనే నడిచి చూపమనండి. చీకట్లో వెలిగే చిన్న దీపం ఒకటి ఇంటి నుంచే తీసుకెళ్లండి. మా సంచిలో దానితో పాటు ఇత్తడి మువ్వలు కట్టిన తాడు కూడా ఉంటుంది. పడుకునే ముందు బయటి తలుపుకు పై గొళ్లెం వేసి, ఆ తాడును పిడికి కడతాము. తలుపు అంగుళం కదిలినా మువ్వలు మోగుతాయి.