హామ్ రేడియో వీడియో పాఠాలు – 4: చూసేవాళ్ల ఫోన్‌లో బొమ్మ రావాలి

లైసెన్సుతో సరదాగా రేడియో నడిపే హామ్‌ల గురించి వీడియోలు తీయడం నేర్చుకుంటున్నాం కదా. పోయిన పాఠంలో రేడియో స్పీకర్ శబ్దాన్ని ఫోన్‌లో శుభ్రంగా రికార్డు చేయడం చూశాం. ఫ్యాన్ ఆపేసి ప్రాక్టీసు చేశారనే అనుకుంటున్నాను. ఈసారి ఆ శబ్దంతోనే పని.

ముందు నా తప్పు చెబుతాను. మొదట్లో 12 నిమిషాల వీడియో ఒకటి తీశాను. గోడనిండా క్యూఎస్‌ఎల్ కార్డులు (రేడియోలో కలిసినందుకు గుర్తుగా హామ్‌లు పంపుకునేవి), తుపాన్లప్పుడు హామ్‌ల సేవ, నా సెట్ల పరిచయం. పదో తరగతి చదివే మా మేనల్లుడు సగం చూసి, "బాగుంది మావయ్యా, కానీ ఇందులో నేను చేసేదేముంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి అప్పుడప్పుడు, ముందుగా ప్రకటించిన రోజుల్లో, 145.800 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపుతుంటారు. దీన్ని స్లో స్కాన్ టీవీ అంటారు. బొమ్మలోని వెలుగునీడలు శబ్దంగా మారి వస్తాయి: నలుపుకు 1500 హెర్ట్జ్, తెలుపుకు 2300, మధ్య ఛాయలకు మధ్య స్వరాలు. ఎక్కువగా వాడే పీడీ120 పద్ధతిలో ఒక్కో బొమ్మకు రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది.

కేంద్రం మీ ఊరి మీదుగా వెళ్లే వేళకు టూ మీటర్ హ్యాండీ (ఈ ఫ్రీక్వెన్సీ అందుకునే చేతి రేడియో) పట్టుకుని మేడెక్కండి. మహా అయితే పది నిమిషాలు దొరుకుతుంది. స్క్వెల్చ్ (సిగ్నల్ బలహీనమైతే శబ్దాన్ని ఆపేసే ఏర్పాటు) పూర్తిగా తెరవండి. లేకపోతే సిగ్నల్ తగ్గినప్పుడల్లా శబ్దం తెగి బొమ్మలో చారలు పడతాయి. కేంద్రం వేగం వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే డాప్లర్ తేడా ఇక్కడ మూడున్నర కిలోహెర్ట్జ్ లోపే, ట్యూనింగ్ ముట్టుకోనక్కర్లేదు. యాంటెన్నాను మాత్రం అటూ ఇటూ వంచి చూడండి. గరగర తగ్గిన చోట ఆపండి.

ఒక ఫోన్‌లో ఈ శబ్దాన్ని మళ్లీ బొమ్మగా మార్చే రోబోట్36 యాప్ తెరిచి స్పీకర్ దగ్గర పెట్టండి. రెండో ఫోన్‌తో ఆ తెరనే దగ్గరగా తీయండి. కీచుమంటూ శబ్దం, పైనుంచి గీత గీతగా దిగే బొమ్మ: వీడియో ఇక్కడే మొదలవ్వాలి. "నమస్కారం, నా పేరు" వద్దు. "ఈ బొమ్మ 400 కిలోమీటర్ల పైనుంచి వస్తోంది" అని తెర మీద ఒక్క వాక్యం చాలు.

ఇప్పుడు అసలు కిటుకు. ఆ శబ్దాన్ని మొత్తంగా ఉంచేయండి. చూసేవాళ్లు తమ ఫోన్‌లో అదే యాప్ పెట్టి మీ వీడియో పక్కన ఉంచితే, అదే బొమ్మ వాళ్లకూ దిగుతుంది! అందుకే పాట కలపకూడదు, వేగం పెంచకూడదు, మధ్యలో మాట్లాడకూడదు. మొదటి బీప్‌లు కత్తిరించొద్దు. ఏ పద్ధతిలో విప్పాలో యాప్‌కు చెప్పేవి అవే. యూట్యూబ్ షార్ట్స్ మూడు నిమిషాల దాకా ఒప్పుకుంటుంది కాబట్టి బొమ్మ పూర్తిగా పడుతుంది.

హోంవర్క్: హ్యాండీ లేనివాళ్లు నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ వెబ్ ఎస్‌డీఆర్ (ఇంటర్నెట్‌లో ఎవరైనా వినగల రేడియో) తెరిచి 14.230 మెగాహెర్ట్జ్, యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) మోడ్ పెట్టండి. ఆదివారం సాయంత్రాలు యూరప్ హామ్‌లు అక్కడ బొమ్మలు పంపుకుంటుంటారు. ఒకటి పట్టి, వీడియో చేసి, ఇంట్లో పిల్లల చేతికివ్వండి. యాప్ పేరు తప్ప ఇంకేమీ చెప్పొద్దు. బొమ్మ పడితే "మనమూ పంపొచ్చా?" అని అడుగుతారు. దానికి లైసెన్సు కావాలి, 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. ఆ సంగతి భయపెట్టకుండా ఒక్క నిమిషంలో చెప్పే వీడియో వచ్చే పాఠంలో.