మాడ్యులర్‌గా ఉందో లేదో లెక్కేసి చూడటం ఎలా

డిజైన్ రివ్యూలో ఎవరో ఒకరు "మనది బాగా మాడ్యులర్ అండి" (అంటే ఒక భాగం మార్చినా మిగతావి కదలవని) అంటారు, ఎలా చెప్తున్నావయ్యా అంటే బాక్సులూ బాణాలూ గీసి చూపిస్తారు. ఆ బాణాలు ఎవరి కంటికి ఎలా కనిపిస్తే అలా గీసినవే. వాటిని లెక్కేసి రాబట్టొచ్చు. వర్జీనియా యూనివర్సిటీలో యువాన్‌ఫాంగ్ కాయ్, కెవిన్ సలివన్ కలిసి సైమన్ అనే టూల్ కట్టింది దీనికోసమే, కానీ ఐడియా పట్టుకోడానికి మనకి పైథాన్ చాలు.

ఒక టిఫిన్ సెంటర్ బిల్లింగ్ యాప్ అనుకోండి. ముందు కోడ్ సంగతి మర్చిపోయి నిర్ణయాలు రాయండి, ఒక్కో నిర్ణయం ఒక్కో వేరియబుల్. స్టోరేజ్, సెర్చ్, రిపోర్ట్ అని మూడు పెట్టుకుందాం, ఒక్కోదానికి ఫైల్, డేటాబేస్, వేరేది అని మూడేసి విలువలు. ఆ "వేరేది" తప్పకుండా పెట్టండి, రేపు ఏం మారుతుందో మనకిప్పుడు తెలీదు కదా.

తర్వాత కన్‌స్ట్రెయింట్లు, అంటే ఇదుంటే అది ఉండాలి అనే షరతులు. సెర్చ్ ఫైల్‌ని నమ్ముకుని రాస్తే స్టోరేజ్ ఫైలే అయ్యుండాలి, డేటాబేస్‌కైనా అంతే, రిపోర్ట్‌కీ ఇవే రెండు. ఇప్పుడు 27 కాంబినేషన్లూ తిప్పి చూస్తే చెల్లేవి 9.

అసలు పని ఇక్కడ. చెల్లే ఒక డిజైన్ తీసుకుని ఒక్క వేరియబుల్ మార్చండి, ఏదైనా కన్‌స్ట్రెయింట్ తెగితే మళ్లీ చెల్లేలా చేయడానికి ఇంకేం మార్చక తప్పదో చూడండి, అనవసరంగా ఒక్కటి కూడా ఎక్స్‌ట్రా మార్చకూడదు. అలా మారక తప్పనివన్నీ మీరు మార్చినదాని మీద డిపెండెంట్. మూడూ ఫైల్ మీదున్నప్పుడు సెర్చ్‌ని డేటాబేస్ చేశామనుకోండి, స్టోరేజ్ మారాలి, స్టోరేజ్ మారితే రిపోర్ట్ కూడా మారాలి. సెర్చ్‌కీ రిపోర్ట్‌కీ మధ్య ఎవరూ బాణం గీయరు కానీ లెక్కలో వచ్చేసింది చూశారా! వీటిని మ్యాట్రిక్స్‌లో ఇంటూ మార్కులుగా పెడితే (మీరు మార్చినది కాలమ్, దానివల్ల మారేది అడ్డువరుస, తన మీద తనకి గడి లెక్కలో లేదు) ఉన్న 6 గళ్లూ నిండిపోతాయి. ఈ మ్యాట్రిక్స్‌నే డీఎస్ఎం (డిజైన్ స్ట్రక్చర్ మ్యాట్రిక్స్) అంటారు, డొనాల్డ్ స్టీవార్డ్ 1981లో పేపర్ రాశాడు, సాఫ్ట్‌వేర్ కోసం కాదులెండి.

ఇప్పుడు మధ్యలో ఇంటర్‌ఫేస్ (స్టోరేజ్‌ని ఎలా అడగాలో ముందే కుదుర్చుకున్న ఒప్పందం) అని నాలుగో వేరియబుల్ పెట్టండి, విలువలు అసలుది, వేరేది. సెర్చ్, రిపోర్ట్ ఇంటర్‌ఫేస్‌ని మాత్రమే నమ్ముకుంటాయి (వీటికీ ఇవే రెండు విలువలు), స్టోరేజ్ ఫైలైనా డేటాబేసైనా ఇంటర్‌ఫేస్ అసలుదే ఉండాలి. 24లో 13 చెల్లుతాయి, అయితే మార్కులు 12 గళ్లలో 6 వస్తాయి, ఇదేంటి తగ్గలేదే అనిపిస్తుంది. ఒక రూల్ మిగిలిపోయింది మరి: ఇంటర్‌ఫేస్ పెద్దది, కిందవాటి కోసం అది మారదు. దీన్ని డామినెన్స్ అంటారు. అది కలిపి మళ్లీ రన్ చేస్తే 3 మార్కులే, అన్నీ ఇంటర్‌ఫేస్ కాలమ్‌లోనే. డేవిడ్ పార్నస్ 1972లో చెప్పిన ఇన్ఫర్మేషన్ హైడింగ్ (మారే అవకాశమున్న నిర్ణయాన్ని మిగతావాళ్లకి తెలీకుండా దాచేయడం) ఆ కాలమ్‌లో కంటికి కనిపిస్తుంది.

కోడ్‌లో ఇంపోర్టులు (ఏ ఫైల్ ఏ ఫైల్‌ని వాడుకుంటుందో చెప్పే లైన్లు) చూసి గ్రాఫ్ గీసే టూల్స్ ఉండగా ఇదంతా ఎందుకు అంటారేమో. నేను పాత ఉద్యోగంలో తేదీ ఫార్మాట్ మార్చినప్పుడు, గ్రాఫ్‌లో ఏ గీతా లేని రిపోర్ట్ స్క్రిప్ట్ నెలాఖరు రాత్రి పడుకుంది. రెండు కోడ్ ముక్కలూ నమ్ముకున్న ఊహ ఏ ఇంపోర్ట్‌లోనూ ఉండదు, అదీ ఒక వేరియబులే అని రాస్తేనే బయటపడుతుంది.

సైజు దగ్గర మాత్రం జాగ్రత్త. మూడేసి విలువలతో 20 వేరియబుల్స్ అంటే 348 కోట్ల పైన కాంబినేషన్లు, పైథాన్ లూప్ వల్ల కాదు. అప్పుడు అల్లాయ్ లాంటి సాట్ సాల్వర్ (షరతులన్నీ ఒకేసారి కుదిరే కాంబినేషన్లు వెతికే ప్రోగ్రామ్) ఉన్న టూల్‌కి పోవాలి, అదీ మొత్తం ఒకేసారి ఇస్తే మొరాయిస్తుంది. కాయ్, సలివన్ చేసినట్టు ఇంటర్‌ఫేస్ లాంటి పెద్ద నిర్ణయాల దగ్గర ముక్కలు చేసి, ఒక్కో ముక్క విడిగా రన్ చేసి, వచ్చిన మార్కులు కలిపేయండి.