డ్రాగ్ అండ్ డ్రాప్, 4వ పాఠం: కార్డు వస్తోంది కానీ పడట్లేదు

పోయిన పాఠం తర్వాత మన బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టల్ బ్యాచ్ అంతా అడిగింది ఒకటే, అన్నా వెబ్ పేజీలో కార్డుని లాగి బాక్స్‌లో వేద్దామంటే, కార్డు మౌస్‌తో పాటే వస్తోంది, బాక్స్ మీద వదిలితే వెనక్కి పోతోంది, డ్రాప్ ఫంక్షన్‌లో పెట్టిన కన్సోల్ లాగ్ కూడా రావట్లేదు అని. అందుకే సార్టింగ్ పక్కన పెట్టేశా, ముందు ఇది తేల్చేద్దాం.

కార్డు హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో డ్రాగబుల్ ఈక్వల్ టు ట్రూ అని పూర్తిగా రాయండి, ఉత్త డ్రాగబుల్ అని వదిలేస్తే చెల్లదు. డ్రాగ్‌స్టార్ట్‌లో, అంటే లాగడం మొదలైనప్పుడు, కార్డు డేటాని దాచిపెట్టే సెట్‌డేటా మీకు వచ్చు, దాని జోలికి పోను.

అసలు చిక్కంతా డ్రాగ్‌ఓవర్ అనే ఈవెంట్‌లో ఉంది. కార్డు బాక్స్ మీద ఉన్నంతసేపూ, మౌస్ కదపకపోయినా సరే, ఆ ఈవెంట్ వస్తూనే ఉంటుంది, ఇక్కడ వదలొచ్చా అని బ్రౌజర్ అడుగుతున్నట్టే లెక్క. మీరు పలక్కపోతే 'వద్దు' అనే తీసుకుంటుంది. ప్రివెంట్‌డిఫాల్ట్ అంటే బ్రౌజర్ తనంతట తాను చేసే పనిని ఆపే ఫంక్షన్, ఇక్కడ అది ఆపేది ఆ 'వద్దు'నే. అది డ్రాగ్‌ఓవర్‌లో లేకపోతే డ్రాప్ ఈవెంట్ అసలు పుట్టదు, డ్రాప్ ఫంక్షన్‌ని ఎన్నిసార్లు తిరగరాసినా అంతే. మీరు పంపిన కోడ్‌లు చూశా, దాదాపు అందరూ దాన్ని డ్రాప్‌లో పెట్టి డ్రాగ్‌ఓవర్‌ని వదిలేశారు. డ్రాప్‌లోనూ కావాలి, కానీ అక్కడ దాని పని వేరు, వదిలిన ఫైల్‌నో లింక్‌నో బ్రౌజర్ ఓపెన్ చేసి మన పేజీని ఎగరగొట్టకుండా ఆపుతుంది. ఒకరు డ్రాగ్‌ఎంటర్‌లో మాత్రమే పెట్టారు, ఆ ఈవెంట్ కార్డు లోపలికి వచ్చినప్పుడే వస్తుంది, చాలదు.

కార్డు వైపు ఏం చెయ్యొచ్చో చెప్పే ఎఫెక్ట్‌అలౌడ్‌లో మూవ్, బాక్స్ వైపు ఏం చేస్తామో చెప్పే డ్రాప్‌ఎఫెక్ట్‌లో కాపీ పెట్టినా పడదు. నేనైతే రెండింటికీ మూవ్ పెట్టేస్తా. డ్రాగ్‌ఓవర్‌లో, దాచిన డేటాని చదివే గెట్‌డేటా ఖాళీగా వస్తే కంగారు పడకండి, అక్కడ టైప్స్, అంటే డేటా రకాల పేర్లు మాత్రమే కనిపిస్తాయి, డేటా చదవాల్సింది డ్రాప్‌లో.

కార్డు మీదికి రాగానే మారేలా పెట్టిన బాక్స్ రంగు మిణుకుమిణుకుమంటోందా? బాక్స్ లోపలి ఎలిమెంట్ మీదికి వెళ్లినా బయటికి వెళ్లినట్టు డ్రాగ్‌లీవ్ ఈవెంట్ వస్తుంది మరి. కొంతమంది రాకపోకలు లెక్కపెట్టే కౌంటర్ పెడతారు, నాకు నచ్చదు, రిలేటెడ్‌టార్గెట్, అంటే ఇప్పుడు వెళ్లిన ఎలిమెంట్, ఇంకా బాక్స్ లోపలే ఉందా అని కంటెయిన్స్‌తో చూసుకుంటే పోతుంది.

ప్రాక్టీస్: కేఆర్ పురం, ఇబ్లూరు, మారతహళ్లి, సిల్క్ బోర్డ్, బెల్లందూర్, ఈ 5 కార్డులూ ఇలాగే కలగాపులగంగా పెట్టి, బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డ్ నుంచి వచ్చే వరసలో లాగి సర్దుకునేలా చెయ్యండి. డెస్క్‌టాప్ నుంచి ఫైల్ లాక్కొస్తే బాక్స్ తీసుకోకూడదు, బాక్స్ బయట వదిలినా ఆ ఫైల్ పేజీ మీద ఓపెన్ అవ్వకూడదు. లైబ్రరీ వాడకుండా రాసి పంపండి, అది చూశాకే సార్టింగ్ మొదలుపెడతా.